వేరుశనగ - గానుగ - ఆఫ్రికా రైతు

వేరుశనగ అను పేరులోనే ఒక పొరపాటున్నది. ఈ కాయ వేరుకు కాయదు. పసుపుపచ్చని పువ్వు నేలపైననే పూచును. ఫలదీకరణ పిమ్మట దాని అండాశయపు మొదలు ఊడవలె సాగి మట్టిలోనికి దిగును. ఆ ఊడ కొననే కాయ ఊరును. కావుననే ఊడలు దిగు వేళ నేల గుల్లగా ఉండవలెను. కాయకు వలసిన కాల్షియమును కాయయే మట్టి నుండి నేరుగా పీల్చుకొనును. మన రైతులు ఎకరమునకు 200 కిలోల జిప్సం వేయుట ఇందుకొరకే.

మన పల్లెలలో పల్లికాయగా, ఉర్దూలో మూంగ్‌ఫలీగా పిలువబడు ఈ పంట పుట్టినిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసు ఓడలలో ఆఫ్రికా చేరినది. ఉత్తర నైజీరియాలోని కానో నగరమున ఒకప్పుడు వేరుశనగ బస్తాలను పిరమిడ్లవలె పేర్చెడివారు. కరవులును, 1975లో ప్రబలిన రోజెట్ వైరస్ తెగులును ఆ పంటను దెబ్బతీసినవి. మన అనంతపురం రైతులకు ఇది కొత్త కథ కాదు; 2000లో కాండం కుళ్ళు వైరస్ వారి చేలనూ ఎండగట్టినది.

ఇక నూనె సంగతి. నైజీరియా స్త్రీలు గింజలను వేయించి, పొట్టు తీసి, ముద్దగా నూరి, కొద్దిగా వేడినీరు చిలకరించి పిసుకుదురు. నూనె పైకి తేలును. మిగిలిన పిండిని చుట్టి అదే నూనెలో వేయించి 'కులికులి' అను పేర అమ్ముదురు. మన గాండ్లవారి గానుగలో ఎద్దు తిరుగుచుండగా రోకలి ఒరిపిడికి నూనె దిగును. గింజలో ఇంచుమించు సగము నూనెయే. మిగిలిన చెక్కను మనము పశువులకు పెట్టుదుము. వారు తామే తిందురు. ఈ భేదము చిన్నదేమీ కాదు.

ఏలయన, 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చినవి. కారణము బూజు పట్టిన వేరుశనగ చెక్క. ఆ బూజు విడుచు విషమే అఫ్లటాక్సిన్. అది కాలేయపు క్యాన్సరునకు హేతువు. వంటవేడికి పూర్తిగా నశింపదు. చాల భాగము చెక్కలోనే నిలుచును గాని, శుద్ధి చేయని నూనెలోనికి కొంత దిగును. గానుగ నూనెయైనంత మాత్రమున నిర్దోషమనుకొనరాదు. 1972లో పటాన్‌చెరువద్ద వెలసిన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ విషమును కనుగొనుటకు చవకైన పరీక్షను రూపొందించిరి. అది మలావీ రైతులకును ఉపయోగపడినది.

నేడు కరెంటు గానుగ దుకాణమున మనము నూనె రంగు చూచి సీసా నింపించుకొందుము. గింజల బస్తాను విప్పి చూడము. ముడుతలు పడినవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి ఏరివేసినారా? కాయను చెవివద్ద ఆడించిన గలగలమనునంతగా ఎండబెట్టినారా? ఈ రెండును దుకాణదారుని అడుగవచ్చును.