మిల్లింగ్ యంత్రానికి మోటారు: చేతి బలం, చేతి స్పర్శ

మానవుడు తన శ్రమను యంత్రానికి అప్పగించే ముందు ఆ శ్రమలో బలమెంత, వివేకమెంత అని విడదీసి చూచుకోవటం అవసరం. ఈ సత్యాన్ని వర్క్‌షాపులోని మిల్లింగ్ యంత్రం మనకు చక్కగా బోధిస్తుంది.

ఈ యంత్రంలో తిరిగే కట్టరు లోహాన్ని చెక్కుతుంది. చెక్కవలసిన వస్తువును బల్లపై బిగిస్తారు. బల్లను మోసే భాగం నిలువు స్క్రూపై లేస్తుంది, దిగుతుంది. అమెరికాలోని బ్రిడ్జిపోర్ట్ నగరంలో 1938లో వెలువడి, ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధి పొందిన యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని పిడిని ఒక చుట్టు త్రిప్పితే బల్ల అంగుళంలో పదవ వంతు, అనగా 2.54 మిల్లీమీటర్లు లేస్తుంది. ఒక అడుగు ఎత్తాలంటే 120 చుట్లు త్రిప్పాలి. రోజంతా ఇలా త్రిప్పేవాని భుజం ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుచేతనే సొంత వర్క్‌షాపులు గలవారు పలువురు ఈ పిడి ఇరుసుకు గేరు మోటారును స్వయంగా అమర్చుకుంటారు.

మోటారు ఎంతటిది కావాలి? ఊహించటం కంటే కొలవటం మేలు. పిడి చివర స్ప్రింగు త్రాసు తగిలించి లాగుదాం. పిడి పొడవు 20 సెంటీమీటర్లు, త్రాసు చూపినది 5 కిలోలు అనుకుంటే, త్రిప్పటానికి కావలసిన టార్క్ సుమారు 10 న్యూటన్ మీటర్లు. నిమిషానికి 40 చుట్ల వేగంతో అడుగు ఎత్తు మూడు నిమిషాల్లో పూర్తవుతుంది. దానికి చాలే సామర్థ్యం 42 వాట్లు మాత్రమే. జాగ్రత్త కోసం రెట్టింపు తీసుకున్నా, ఒక పాతకాలపు విద్యుద్దీపానికయ్యేంత విద్యుత్తే.

మరొక లెక్క కూడా చూద్దాం. ఒక చుట్టుకు మనం చేసే పని 63 జౌళ్ళు. బల్ల, దాని క్రింది భాగం కలిసి 300 కిలోలనుకుంటే, వాటిని ఎత్తటానికి వినియోగమయ్యేది ఏడున్నర జౌళ్ళే. అనగా దక్షత నూటికి 12 పాళ్ళు. తక్కినదంతా ఘర్షణ పాలు. అయితే ఈ ఘర్షణను నిందించరాదు. పిడి వదలినా బల్ల జారిపడకుండా నిలబెట్టేది అదే. మోటారు ఆగినప్పుడు మనకు రక్షణ ఇచ్చేదీ అదే.

ఇంతవరకు బలం సంగతి. చేతికి స్పర్శ కూడా ఉన్నది. బల్ల దేనికైనా తగిలితే చేయి వెంటనే గ్రహించి ఆగుతుంది; మోటారు ఆగదు. కనుక ఆ స్పర్శకు బదులుగా కొన్ని ఏర్పాట్లు చేయాలి. బల్ల పయనానికి పైన, క్రింద హద్దు స్విచ్చులు ఉండాలి. వ్రేలు తీయగానే ఆగిపోయే బటన్లే వాడాలి. మోటారుకు, ఇరుసుకు మధ్య అధిక భారం పడితే జారిపోయే క్లచ్చు గాని, ముందుగా విరిగిపోయే చిన్న పిన్ను గాని ఉండాలి. మోటారు నడిచేటప్పుడు పిడిని తప్పక తీసివేయాలి. గిరగిర తిరిగే పిడి కాలిని, చేతిని గాయపరుస్తుంది. బల్లను బిగించే లాకు వదలిన తరువాతనే మోటారు నడపాలి.

పై హద్దు స్విచ్చు ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు. కట్టరు పొడవు, వస్తువు ఎత్తు పనిపనికీ మారుతాయి. స్విచ్చుకు ఆ సంగతి తెలియదు. కనుక బల్ల కట్టరును సమీపించక మునుపే మోటారును ఆపి, చివరి కొద్ది దూరాన్ని చేతితోనే త్రిప్పాలి. అంగుళంలో వెయ్యవ వంతును చూపే గీతల చక్రం ఉన్నది అందుకే.

విద్యార్థి మిత్రులారా! ఇందులోని లెక్కలు మన భౌతికశాస్త్ర పాఠాల్లోనివే. పుస్తకంలో మార్కుల కోసం చదివిన టార్క్, దక్షత, ఘర్షణ అనే మాటలు వర్క్‌షాపులో ఒక కార్మికుని భుజాన్ని, వ్రేళ్ళను కాపాడగలవు. బరువును మోటారుకు అప్పగిద్దాం. మెలకువను మాత్రం మన వద్దనే ఉంచుకుందాం.