పోగుల లెక్కలో బొమ్మ

పోచంపల్లి చీరను చూసినవాళ్లు డిజైన్‌ను మెచ్చుకుంటారు. చింతకింది మల్లేశం గురించి విన్నవాళ్లు నేతకు ముందు దారం పోయడానికి ఆయన చేసిన ఆసు యంత్రాన్ని మెచ్చుకుంటారు. ఈ రెండు మెప్పుల మధ్య అసలు పని ఒకటి మరుగున పడిపోతోంది. కాగితం మీది బొమ్మను పోగుల లెక్కగా మార్చే పని అది. డిజైనర్ గొప్పా, ఇంజినీర్ గొప్పా అని వాదించుకునేవాళ్లు పేక ఇక్కత్ చీర, అంటే పేక (అడ్డపోగు)కు ముందే రంగులద్ది నేసే చీర, ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూస్తే బాగుంటుంది.

మొదట గళ్ల కాగితం. పడుగు పోగులను ఎత్తే జకార్డ్ పరికరం బిగించిన మగ్గం మీద బొమ్మ నేసేటప్పుడు పుడుతుంది. ఇక్కత్‌లో నేతకు ముందే అది దారం మీద ఉండాలి. కాగితం మీద అడ్డంగా ఒక గడి అంటే చీర పన్నాలో ఇంత కొలత. నిలువుగా ఒక గడి అంటే ఇన్ని పేక పోగులు. గీసేవాడు గడి నింపుతున్నాడంటే, ఎక్కడ కట్టు పడాలో, ఎంత పొడవు పడాలో అప్పుడే తేల్చేస్తున్నాడన్నమాట. గుండ్రటి పువ్వు గీయొచ్చు, కానీ బట్ట మీద అది మెట్లు మెట్లుగానే వస్తుంది. మెట్లు సన్నబడాలంటే కట్లు పెరగాలి. కట్లు పెరిగితే కూలి పెరుగుతుంది, చీర ధరా పెరుగుతుంది. కట్టు పని తెలియకుండా గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా కాగితం దాటి రావడం కష్టం.

తర్వాత పట్టు. ముడి పట్టును సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడకబెడతారు. పోగును పట్టుకుని ఉన్న జిగురు కరిగి, బరువులో 20 నుంచి 25 శాతం దాకా పోతుంది. అది పోతేనే రంగు సమంగా పడుతుంది, పట్టుకు మెరుపు వస్తుంది. ఆరాక దారం ఆసుకు చేరుతుంది.

ఆసు దగ్గర కాస్త ఆగాలి. ఒకవైపు ఒంటి మేకు. దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. రెండింటి మధ్య దూరం చీర పన్నాను బట్టి ఉంటుంది. దారాన్ని ఒంటి మేకు నుంచి ఎదుటి మేకుకు, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి తిప్పుతూ, వరసలో ఒక్కో మేకూ జరుగుతూ పోవాలి. పైకి ఇది వట్టి చాకిరీలా కనిపిస్తుంది. కానీ ఒక మేకు మీద పడ్డ పోగులన్నీ ఒకే కట్టలోకి వస్తాయి, వాటన్నిటికీ ఒకేచోట ఒకే రంగు పడుతుంది. అంటే కాగితం మీది గడుల వరస ఇక్కడ మేకుల వరస అయింది. చీర పొడవునా బొమ్మ ఎన్నిసార్లు రావాలో దారం ఆ వరసను అన్నిసార్లు చుట్టి రావాలి. వెళ్లిన దారినే వెనక్కి వస్తే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అందుకే సగం డైమండ్ కట్టినా, బట్ట మీద నిండు డైమండ్ వస్తుంది. మొత్తం చీరను కొన్ని కట్టలుగా మడిచి పెట్టి, ఏ పోగు ఎప్పుడు రావాలో ఆ క్రమం చెడకుండా దాచే ఏర్పాటు ఇది. దీన్ని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లను ఇంజినీర్ అనకుండా ఉండలేను.

ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఎక్కువగా ఈ పని చేసేది ఇంటి ఆడవాళ్లు. భుజం నొప్పి వాళ్లకు పనితోపాటే వస్తుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూసి మల్లేశం యంత్రం పనికి పూనుకున్నాడు. ఏళ్ల తరబడి తంటాలు పడ్డాక 1999లో అది పూర్తయింది. తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాకు ఇందులో వేగం కంటే ముఖ్యమనిపించేది మరొకటి ఉంది. ఈ యంత్రం బొమ్మలో ఒక్క గీత కూడా మార్చలేదు. ఎన్ని చుట్లకు ఒక మేకు జరగాలో ఆ లెక్కను చెయ్యి ఎలా పాటించేదో అలాగే పాటించింది. డిజైన్ ఎక్కడ దాగి ఉందో తెలిసినవాడు కట్టిన యంత్రం కాబట్టే అలా కుదిరింది.

ఇక చిటికీ, అంటే కట్లు కట్టి రంగు అద్దే పని. కట్టలను చట్రం మీద బిగించి, గ్రాఫ్ చూస్తూ గుర్తులు పెట్టి, రంగు పడకూడని చోట సైకిల్ ట్యూబును కోసిన రబ్బరు పట్టీలతో కడతారు. లేత రంగు ముందు, ముదురు రంగు చివర. తెల్లగా ఉండాల్సినచోట మొదటే కట్టు పడుతుంది. పసుపు నిలవాల్సినచోట పసుపు అద్దాక కడతారు, ఆ తర్వాత ఎరుపు, చివరికి నలుపు. ఏ రంగు మీద ఏ రంగు పడుతుందో చూసుకోకుండా రంగులు ఎంచుకోవడం కుదరదు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది.

నిలువు పోగైన పడుగునూ పేకనూ రెండింటినీ కట్టే తేలియా రుమాళ్లలో ఈ కట్టుబాటు మరింత బిగుసుకుంటుంది. ఒకప్పుడు చీరాలకు, ఇప్పుడు పుట్టపాకకు పేరు తెచ్చిన పని అది. నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో పదును చేసి అద్దుతారు కాబట్టి ఎరుపు, నలుపు, తెలుపు ప్రధానమయ్యాయి. తప్పు అడ్డంగానూ నిలువుగానూ రావచ్చు కాబట్టి గళ్లు, చదరాలు ఎక్కువయ్యాయి. ఆ నమూనాలోని గాంభీర్యంలో సగం రంగు తొట్టిదే.

కట్లు విప్పి, ఆరబెట్టి, ఆసు మీద పోసిన క్రమంలోనే దారాన్ని కండెలకు చుట్టి వరస పెడతారు. ఒక్క కండె వరస తప్పిందా, బొమ్మ తల ఒకచోట, కాళ్లు ఇంకోచోట.

మగ్గం మీద కూడా లెక్క తీరదు. నేసేకొద్దీ బట్ట కొంచెం లోపలికి లాగుకుంటుంది. పేక పోగు బిగుతును బట్టి రంగు మచ్చ కుడికో ఎడమకో జరుగుతుంది. నాడె దాటిన ప్రతిసారీ నేతగాడు అంచు దగ్గర పోగును కాస్త లాగో వదిలో మచ్చను మచ్చ పక్కకు చేరుస్తాడు. ఎంత సర్దినా వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. ఇక్కత్ బొమ్మల అంచులో కనిపించే చెదురు అదే. ఆ చెదురు ఎంత వస్తుందో ముందే ఎరిగినవాడు బొమ్మకూ బొమ్మకూ మధ్య అంత చోటు వదిలి గీస్తాడు. మరీ సన్నటి గీతలను పక్కన పెడతాడు.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ బొమ్మను బట్ట మీద అచ్చు కొట్టి అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు. వాళ్లకు దొరికింది డిజైన్ ఒక్కటే. కొనేముందు చీర తిరగేసి చూడండి. అచ్చు వేసినదైతే వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, బొమ్మ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. కట్టి నేసినదైతే రెండువైపులా ఒకే రంగు, రెండువైపులా అదే చెదురు.