కన్వర్టర్ రాశాను, రిసోర్స్ దొరకడం లేదంటోంది!

ప్రశ్న: డబ్ల్యూపీఎఫ్‌లో మా కొట్టుకు బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. బాకీ ఉన్నవాళ్ల పేర్లు ఎర్రగా కనిపించాలని వాల్యూ కన్వర్టర్ రాశాను. బిల్డ్ అవుతోంది కానీ, విండో తెరవగానే ఆ పేరుతో రిసోర్స్ లేదంటూ ఆగిపోతోంది.

జవాబు: క్లాస్ రాసినంత మాత్రాన జామెల్‌కు దాని సంగతి తెలియదు. ఫైలు పైభాగంలో మీ నేమ్‌స్పేస్‌ను ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్‌తో పరిచయం చేయాలి. రిసోర్సెస్‌లో ఆ క్లాస్‌కు ఒక ఆబ్జెక్ట్ పెట్టి, ఎక్స్:కీతో పేరివ్వాలి. బైండింగ్‌లో స్టాటిక్‌రిసోర్స్ అని రాసి అదే పేరు చెప్పాలి. పెద్దక్షరం, చిన్నక్షరం మారినా దొరకదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మీకొచ్చిన ఎర్రర్ వస్తోందంటే, ముందు వరుస చూడండి. స్టాటిక్‌రిసోర్స్ ఫైలు లోడవుతున్నప్పుడే వెతుకుతుంది. గ్రిడ్ కింద రిసోర్సెస్ రాస్తే అప్పటికి అది ఇంకా పుట్టలేదు. విండో ట్యాగ్‌లోనే బైండింగ్ పెట్టినా ఇదే చిక్కు, ఆ విండో రిసోర్సెస్ దాని తర్వాతే వస్తాయి కదా. డైనమిక్‌రిసోర్స్ పెడదామనుకోకండి. బైండింగ్‌లోని కన్వర్టర్ డిపెండెన్సీ ప్రాపర్టీ కాదు కాబట్టి అది ఒప్పుకోదు.

నా మాట వింటే, కన్వర్టర్లన్నిటినీ యాప్.జామెల్‌లోని అప్లికేషన్ రిసోర్సెస్‌లో ఒకేచోట నమోదు చేయండి. ఏ విండో నుంచైనా అందుతాయి. అయితే అక్కడున్న ఒక్క ఆబ్జెక్ట్‌నే అన్ని బైండింగులూ పంచుకుంటాయి. దాని ఫీల్డుల్లో గత కస్టమర్ వివరాలేవీ దాచుకోకూడదు.

ఎర్రర్ పోయాక కూడా రంగు రాకపోతే, ఫోర్‌గ్రౌండ్‌కు కావాల్సింది బ్రష్ అని గుర్తుంచుకోండి. కలర్స్.రెడ్ ఇస్తే ప్రోగ్రామ్ ఆగదు, పేరు మాత్రం నల్లగానే ఉంటుంది. తప్పేమిటో విజువల్ స్టూడియో అవుట్‌పుట్ విండో చెబుతుంది. బ్రషెస్.రెడ్ ఇవ్వండి.

ప్రశ్న: విండోస్‌లో ప్రాంతం ఇండియా అనే పెట్టుకున్నాను. అయినా మొత్తం 12,34,567 అని కాకుండా 1,234,567 అని వస్తోంది. దీనికీ కన్వర్టర్ రాయాలా?

జవాబు: అక్కర్లేదు. డబ్ల్యూపీఎఫ్ బైండింగ్ విండోస్ సెట్టింగ్ చూడదు. ఎలిమెంట్‌కున్న లాంగ్వేజ్ ప్రాపర్టీ చూస్తుంది. ఏమీ పెట్టకపోతే అది అమెరికన్ ఇంగ్లిష్. బైండింగ్‌లో స్ట్రింగ్‌ఫార్మాట్ ఎన్0 ఇచ్చి, కన్వర్టర్‌కల్చర్‌కు టీఈ-ఐఎన్ అని రాస్తే లక్షల లెక్కలో కామాలు పడతాయి. విండో అంతటా కావాలంటే ఆ విండో పైనే లాంగ్వేజ్ మార్చండి. ఇప్పటికే రాసిన కన్వర్టర్ ఏదైనా ఉంటే, అందులోకి వచ్చే నాలుగో పారామీటర్ కూడా ఈ కల్చరే. దాన్ని పక్కనపెట్టి సొంతంగా కామాలు అతికించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ శ్రమ వృథా, పైగా రుణాత్మక సంఖ్య రాగానే తప్పుతుంది.

ప్రశ్న: కన్వర్ట్‌బ్యాక్ కూడా తప్పనిసరిగా రాయాలా?

జవాబు: ఇంటర్‌ఫేస్ అడుగుతుంది కాబట్టి మెథడ్ ఉండాలి. రంగు చూపించడం లాంటి ఒకవైపు పనికి బైండింగ్ మోడ్ వన్‌వే పెట్టి, అందులో నాట్‌సపోర్టెడ్ ఎక్సెప్షన్ విసిరితే చాలు. టెక్స్ట్‌బాక్స్‌లో టైపు చేసే విలువైతే మాత్రం శ్రద్ధగా రాయాలి. కన్వర్టర్‌లో లేచిన ఎక్సెప్షన్‌ను బైండింగ్ మామూలుగా పట్టుకోదు. విలువ అర్థం కానప్పుడు డిపెండెన్సీప్రాపర్టీ.అన్‌సెట్‌వాల్యూ తిరిగి ఇవ్వండి. కొట్లో కస్టమర్ ఎదురుగా నిలబడి ఉండగా ప్రోగ్రామ్ మూతపడకూడదు.