అనుమానమునకు ప్రమాణము: ఫోరెన్సిక్ విద్య గృహస్థులకు నేర్పు పాఠము

"అనుమానము" అను మాటకు మనకు రెండు అర్థములు కలవు. వాడుకలో అనుమానమనగా శంక. శాస్త్రములో అనుమానమనగా హేతువును చూచి నిర్ణయించుట. కొండపై పొగను చూచి అక్కడ నిప్పున్నదని తెలిసికొనుట శాస్త్రములోని అనుమానము. కోడలు వడ్డించిన అన్నము తిన్న పిమ్మట మామకు వాంతులైనవి గనుక ఆమెయే ఏదో కలిపినదనుట వాడుకలోని అనుమానము. మొదటిది ప్రమాణము. రెండవది కాపురములను కూల్చునది. శంకను పరీక్షకు పెట్టి, అది నిజమో కాదో తేల్చు విద్యయే నేడు విశ్వవిద్యాలయములలో ఫోరెన్సిక్ సైన్స్ అను పేర బోధింపబడుచున్నది.

గృహవైద్య పత్రికలో ఈ ప్రస్తావన ఏల అని పాఠకులు అడుగవచ్చును. మా సిరికొండ మొదలు బోధన్ వరకు గల పల్లెలలో "ఎవరో మందు పెట్టినారు" అను మాట నేటికిని వినబడుచున్నది. మనిషి కారణము తెలియక చిక్కిపోయినను, కడుపునొప్పి తగ్గకున్నను ముందుగా పొరుగువారిపైననో, దాయాదులపైననో చూపు పోవును. "మందు కక్కించెదము" అను వారు సొమ్ము తీసికొని, ముందే దాచుకొన్న ముద్దను రోగి కడుపులోనుండి వచ్చినదిగా చూపుదురు. ఈలోగా క్షయయో, మధుమేహమో, జీర్ణాశయపు పుండో ముదిరిపోవును. బాణామతి చేసినారను నిందతో అమాయకులను చంపిన ఘటనలు కూడ తెలంగాణలో జరిగినవి. కాబట్టి ఈ విద్య న్యాయస్థానమునకే గాక మన ఇంటికిని అవసరమైనది.

అగదతంత్రము చెప్పినది

ఆయుర్వేదపు ఎనిమిది అంగములలో అగదతంత్రము ఒకటి. సుశ్రుతుడు కల్పస్థానమును ఎనిమిది అధ్యాయములలో విషములకే కేటాయించినాడు. చరకుడు చికిత్సాస్థానపు ఇరువది మూడవ అధ్యాయమున విషచికిత్సను వివరించినాడు. సుశ్రుతుని లెక్కలో స్థావర విషమునకు వేరు, ఆకు, పండు, పాలు, దుంప, ధాతువు మొదలగు 10 ఆశ్రయములు, జంగమ విషమునకు 16 ఆశ్రయములు. మన చేల గట్లపై కనబడు ఉమ్మెత్త, గన్నేరు, గురిగింజ, ముష్టి మొదటి వర్గములోనివే.

విషాన్నమును గుర్తించుటకు సుశ్రుతుడు అగ్నిపరీక్షను చెప్పినాడు. విషము కలిసిన అన్నమును నిప్పులో వేసినచో చిటపటలాడును, మంట నెమలి కంఠపు రంగులో వెలువడును. కౌటిల్యుని అర్థశాస్త్రము నాలుగవ అధికరణమున ఆశుమృతక పరీక్ష, అనగా హఠాత్తుగా మరణించినవారి పరీక్ష కలదు. శవమునకు తైలము పూసి చూడవలెననియు, ఉరివలన, నీటివలన, విషమువలన కలిగిన మరణములను వేరువేరు చిహ్నములచే గుర్తింపవలెననియు అందు చెప్పబడినది. చంపినవారే ఆత్మహత్యగా చూపింపగలరను హెచ్చరిక కూడ ఉన్నది.

ఇంతటితో మన పూర్వులకు సర్వము తెలియునని గర్వించి ఊరకుండుట తగదు. రాగి లవణములు మంటకు ఆకుపచ్చ, నీలి రంగులను ఇచ్చునను మాట నేటి రసాయన శాస్త్రమును ఒప్పుకొన్నదే. కాని దిష్టి తీసి పొయ్యిలో వేసిన ఉప్పును చూడుడు. అదియు చిటపటలాడును! ఉప్పెక్కువైన కూరను నిప్పులో వేసి, ఆ శబ్దమును బట్టి వండిన ఇల్లాలిని దోషి అనగలమా? అగ్నిపరీక్ష శంకను పుట్టించునే గాని నిర్ధారణ చేయదు. నా గురుకులవాసములో మా గురువుగారు మూలికను చేతికిచ్చి, మేము పేరు చెప్పగానే "హేతువేమి?" అని అడిగెడివారు. ఆ ప్రశ్నయే నేటి ప్రయోగశాలకును ప్రాణము.

విశ్వవిద్యాలయములో నేర్పునది

1833లో ఇంగ్లండులో ఒక పాషాణ విషప్రయోగపు కేసు విచారణకు వచ్చినది. రసాయనికుడు జేమ్స్ మార్ష్ పరీక్షలో విషము కనబడినను, ఆ నమూనా న్యాయస్థానమునకు చేరునాటికి చెడిపోయినది. జ్యూరీ నమ్మలేదు, నిందితుడు విడుదలైనాడు. మార్ష్ పట్టుదలతో కృషి చేసి 1836లో పాషాణమును లోహపు పూతగా కంటికి చూపు పరీక్షను ప్రకటించినాడు. మన దేశమున 1849లో మద్రాసులో రసాయన పరీక్షకుని ప్రయోగశాల ఏర్పడినది. 1959లో సాగర్ విశ్వవిద్యాలయము నేరశాస్త్ర, ఫోరెన్సిక్ విద్యలకు విభాగమును తెరచినది. 2009లో గాంధీనగరమున ప్రారంభమైన ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయము 2020లో జాతీయ సంస్థ అయినది. మనకు దగ్గరలో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సీ. స్థాయిలో ఈ విద్య కలదు.

విద్యార్థి ఇందు విషరసాయనము, రక్తము మొదలగు జీవపదార్థముల పరీక్ష, డి.ఎన్.ఏ., వేలిముద్రలు, తుపాకి గుండ్లు, చేతివ్రాత, కంప్యూటరు సాక్ష్యము అభ్యసించును. వీటన్నిటికి మూలమైన సూత్రములు మూడు.

మొదటిది: రెండు వస్తువులు తాకినచో ఒకదాని జాడ మరియొకదానిపై నిలుచును. 1910లో ఫ్రాన్సులోని లియోనులో పోలీసు ప్రయోగశాలను నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్డ్ పేర ఇది ప్రసిద్ధము.

రెండవది: సూచన పరీక్ష వేరు, నిర్ధారణ పరీక్ష వేరు. రంగు మారుట సూచన మాత్రమే. పదార్థములను విడదీయు క్రోమటోగ్రఫీ, వాటి అణుభారమును తూచు మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి పద్ధతులు నిర్ధారణకు తోడ్పడును.

మూడవది: నమూనాను ఎవరు తీసిరి, ఎవరికి ఇచ్చిరి, ముద్ర చెదరలేదా అను లెక్క తప్పరాదు. మార్ష్ మొదటి పరీక్ష ఓడిపోయినది నమూనా చెడుటవలననే. విషమును అనుమానించిన మరణములలో వైద్యులు జీర్ణాశయము, కాలేయము, మూత్రపిండముల భాగములను సాధారణముగా చిక్కని ఉప్పునీటిలో ఉంచి పంపుదురు. ఊరగాయను కుళ్లనీయని ఉప్పే ఇచ్చట సాక్ష్యమును కాపాడును.

గొర్రెకుంట బావి

2020 మే నెలలో వరంగల్లు సమీపమున గొర్రెకుంటలోని ఒక బావిలో తొమ్మండుగురి శవములు బయటపడినవి. అత్యధికులు పొట్టకూటికై వచ్చిన వలస కూలీలు. కరోనా లాక్‌డౌన్ కాలము గనుక ఆకలి బాధతో ఆత్మహత్య చేసికొనిరని మొదట పలువురు తలచినారు. ఆ మాటతోనే ఊరుకొన్నచో కథ అక్కడనే ముగిసెడిది. కాని శవపరీక్ష జరిగినది, నమూనాలు ప్రయోగశాలకు పోయినవి, దర్యాప్తు సాగినది. భోజనములో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని బావిలో పడవేసినట్లు తేలినది. అదే సంవత్సరము అక్టోబరులో వరంగల్లు న్యాయస్థానము నిందితుని దోషిగా నిర్ణయించినది. మాట్లాడలేని తొమ్మండుగురి పక్షమున పరీక్ష మాట్లాడినది. కౌటిల్యుని హెచ్చరిక ఎంత సత్యమో ఇందుచే తెలియును.

ఇంటిలో మొదటి పాఠము

మన ఇందూరు సీమ పసుపునకు ప్రసిద్ధము గనుక పసుపుతోనే ఈ విద్యను పిల్లలకు చూపవచ్చును. గాజు గ్లాసెడు నీటిలో ఒక చెంచా పసుపు పొడి వేసి కదపక ఉంచుడు. మంచి పసుపు లేత పసుపురంగును విడిచి అడుగునకు దిగును. నీరు గాఢమైన పసుపురంగుకు మారినచో కృత్రిమ రంగు కలిసినదను శంక కలుగును. ఇది సూచన మాత్రమే. అంతమాత్రమున దుకాణదారుని దూషింపరాదు. పొట్లమును, రశీదును భద్రపరచి ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చేయవలెను. ప్రయోగశాల తీర్పు వచ్చువరకు ఆ పసుపును వాడరాదు. ఈ ఓపికను అలవరచుకొన్న బిడ్డకు ఫోరెన్సిక్ విద్యలో సగము వచ్చినట్లే.

విషశంక కలిగినపుడు

1. ముందు ప్రాణము, పిదప సాక్ష్యము. వెంటనే 108 వాహనమును పిలువవలెను.

2. ఉప్పునీరు, చింతపండు రసము, నూనె, మజ్జిగ వంటివి త్రాగించి వాంతి చేయింపరాదు. స్పృహ లేనివారికి అది ఊపిరితిత్తులలోనికి పోవును. గృహవైద్యమును నమ్మి బోధించు నేనే చెప్పుచున్నాను: ఇచ్చట గృహవైద్యము లేదు.

3. పురుగుల మందు ఒంటిపై పడినచో తొడుగులు ధరించి ఆ బట్టలు తీసివేసి, చర్మమును సబ్బుతో కడుగవలెను. గడ్డి మందు త్రాగినవారు మొదటి దినము బాగుగనే కనబడవచ్చును. అది చూచి ఆలస్యము చేయరాదు.

4. మందు డబ్బాను పేరుచీటితో సహా వైద్యునికి చూపవలెను. చికిత్సకు అదియే మొదటి ఆధారము.

5. మిగిలిన ఆహారమును, గ్లాసును, వాంతి అంటిన బట్టలను కడిగివేయరాదు. ఇతరులు తాకకుండ వేరుగా ఉంచి పోలీసులకు అప్పగింపవలెను. తడి బట్టలను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టినచో బూజుపట్టి చెడును; నీడన ఆరిన పిదప కాగితములో చుట్టుట మేలు.

6. మరణము సంభవించి కారణము తెలియనిచో "పరువు పోవును" అని త్వరపడి దహనము చేయరాదు. శవపరీక్ష మృతునికి అవమానము కాదు. నింద పడబోవు నిర్దోషికి అది రక్ష. విషము లేదని తేల్చు నివేదిక కూడ ఒక కుటుంబమును నిలబెట్టును.

పిల్లలను పంపదలచువారికి

2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు లేక అంతకు మించి శిక్షపడు నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలమునకు వెళ్లి సాక్ష్యము సేకరింపవలెనని నిర్దేశించినది. దీనిని అమలుపరచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువు కలదు. కావున ఈ విద్య చదివినవారి అవసరము పెరుగనున్నది. శవపరీక్ష చేయగోరువారు ఎం.బి.బి.ఎస్. పిదప ఫోరెన్సిక్ మెడిసిన్ చదువవలెను. ప్రయోగశాలలో పనిచేయగోరువారికి విజ్ఞానశాస్త్రములో పట్టా ఆధారము. ఆయుర్వేద పట్టభద్రులకు అగదతంత్రములో ఎం.డి. కలదు. ఈ మూడు మార్గములు వేరువేరని ముందే తెలిసికొని చేర్పింపవలెను.

సినిమాలలో చూపునట్లు ఇది క్షణములో దోషిని పట్టు విద్య కాదు. దుర్వాసనను, నిరీక్షణను, న్యాయవాదుల ప్రశ్నలను సహింపవలెను. "తెలియలేదు" అని నిజాయితీగా వ్రాయగల ధైర్యము కావలెను. మీ బిడ్డ ఎవరినైనను నిందించుటకు ముందు "హేతువేమి?" అని అడుగు స్వభావము గలదైనచో, ఈ చదువునకు సందేహింపక పంపుడు.