విదేశీ రేడియో వినడమే ఉద్యోగం: మానిటరింగ్ బ్యూరో నడపాలంటే...

"అరబిక్ చదివితే ట్రాన్స్‌లేటరు ఉద్యోగం తప్ప ఇంకేం వస్తుంది సార్?" విదేశీ భాషల కోర్సుల్లో చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. మన కెరీర్ పేజీల్లో పెద్దగా కనిపించని ఉద్యోగం ఒకటుంది. ఏదో ఒక దేశపు రేడియోలో, టీవీలో, ఇప్పుడైతే సోషల్ మీడియాలో కూడా ఏం చెబుతున్నారో షిఫ్టంతా వినాలి. అందులో పనికొచ్చేది పట్టుకుని, తు.చ. తప్పకుండా అనువదించి, ఆలస్యం కాకుండా పంపాలి. దీన్ని మానిటరింగ్ అంటారు, ఆ పని చేసేవాళ్లను మానిటర్లంటారు. ఇందులో దొంగచాటు ఏమీ లేదు. అందరి కోసం ప్రసారమైనదాన్నే వింటారు. ఈ పని కోసం పరాయి దేశంలో పెట్టిన ఆఫీసును నడిపే బ్యూరో చీఫ్ పదవి ఈ దారిలో పై మెట్టు.

ఈ రంగంలో రెండు పేర్లు తెలిసి ఉండాలి. బీబీసీ మానిటరింగ్ 1939లో మొదలైంది. 1943 నుంచి చాలా దశాబ్దాలు రెడింగ్ పక్కన కావర్షమ్ పార్క్ భవనంలో నడిచి, 2018లో లండన్‌కు మారింది. అమెరికా 1941లో మొదలుపెట్టిన సంస్థ తర్వాత ఫారిన్ బ్రాడ్‌కాస్ట్ ఇన్ఫర్మేషన్ సర్వీస్, అంటే ఎఫ్‌బీఐఎస్‌గా పేరు పొందింది. 1947లో అది సీఐఏ కిందికి వెళ్లింది, 2005లో ఓపెన్ సోర్స్ సెంటర్‌గా మారింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ రెండు సంస్థలూ ప్రపంచాన్ని పంచుకుని వినేవి, విన్నదాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేవి.

వినడానికి ఇంకో దేశానికి వెళ్లడమెందుకు? రేడియో తరంగాల తీరు అలాంటిది. ఎఫ్ఎం ప్రసారం పదుల కిలోమీటర్లు దాటితే అందదు. మీడియం వేవ్ పగలు దగ్గరవాళ్లకే వినిపించి, రాత్రయ్యాక చాలా దూరం వెళుతుంది. షార్ట్‌వేవ్ పైనున్న అయనోస్ఫియర్‌ను తాకి వెనక్కి వంగి వేల కిలోమీటర్లు పోతుంది కానీ, పగటికీ రాత్రికీ, ఎండాకాలానికీ చలికాలానికీ, సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గే సూర్యుడి మచ్చలకూ తగ్గట్టు మారిపోతుంది. అంతర్జాతీయ షార్ట్‌వేవ్ స్టేషన్లు మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో ఫ్రీక్వెన్సీలు మార్చుకుంటాయి. రాజధానిలోని పెద్ద స్టేషన్ చాలా దూరం నుంచి కూడా వినొచ్చు. ఒక జిల్లా స్థాయి స్టేషన్ వినాలంటే మాత్రం పక్క దేశంలో యాంటెన్నా వేయాల్సిందే. అందుకే ఎఫ్‌బీఐఎస్ చైనా కోసం హాంకాంగ్‌లో, ఇండోచైనా కోసం బ్యాంకాక్‌లో, అరబ్ దేశాల కోసం సైప్రస్‌లో ఆఫీసులు పెట్టింది. ఇప్పుడు చాలా స్టేషన్లు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి కాబట్టి వరసగా యాంటెన్నాలు నాటిన మైదానాలు తగ్గాయి. అయినా ఆ ప్రాంతపు భాషను ఇంట్లో మాట్లాడేవాళ్లు దొరికే ఊళ్లోనే ఆఫీసు పెట్టాలన్న లెక్క ఇంకా పోలేదు.

చీఫ్ చేసే పని

పొద్దున్నే చీఫ్ ముందుకొచ్చేది షిఫ్టుల పట్టిక. ఏ బులెటిన్ ఎన్ని గంటలకు, ఎవరు వింటారు, ఎవరు సెలవు, రాత్రి రెండింటికి ఏదైనా జరిగితే ఎవరిని లేపాలి? తర్వాత ఎంపిక. గంటల కొద్దీ ప్రసారంలో పనికొచ్చేవి నాలుగైదు అంశాలే ఉంటాయి. ఏది పూర్తి పాఠంగా పంపాలి, ఏది సారాంశం చాలు, ఏది అన్నీ పక్కనపెట్టి ఈ నిమిషమే పంపాలి అన్నది చీఫో, డ్యూటీ ఎడిటరో తేల్చాలి. 1962 అక్టోబరు 28న క్యూబా నుంచి క్షిపణులు వెనక్కి తీసుకుంటామన్న సోవియట్ నేత క్రుశ్చేవ్ సందేశాన్ని మాస్కో రేడియో చదివింది. దౌత్య మార్గంలో వెళితే గంటలు పడుతుందనే రేడియోలో చదివించారు. అణుయుద్ధం అంచున నిలబడిన రోజు వాషింగ్టన్‌కు ఆ మాటలు అందించింది మానిటర్లే.

అంతకంటే పెద్ద బాధ్యత మనుషులది. మానిటర్లలో చాలామంది తాము వినే దేశంలోనే పుట్టినవాళ్లు. అక్కడ అమ్మానాన్నలు, అన్నదమ్ములు ఉంటారు. ఆ మానిటర్ల పేర్లు బయటికి పొక్కకుండా చూడటం, వీసాలు, జీతాలు, పిల్లల చదువులు, ఆఫీసు ఉన్న దేశపు ప్రభుత్వంతో మంచిగా ఉండటం, అన్నీ చీఫ్ నెత్తినే. 1974 జులైలో టర్కీ సేనలు సైప్రస్‌లో దిగినప్పుడు, కైరీనియాలోని ఎఫ్‌బీఐఎస్ ఆఫీసును ఖాళీ చేయాల్సి వచ్చింది. పరిస్థితి అలా తిరగబడితే ఎవరిని ఎలా తరలించాలన్న కాగితం సొరుగులో సిద్ధంగా లేని చీఫ్, ఎంత గొప్ప ఎడిటరైనా, ఆ కుర్చీకి తగడు. స్థానిక సిబ్బందిని కూలికి వచ్చినవాళ్లలా చూసే పెద్దను కూడా నేను ఆ పదవికి ఒప్పుకోను. వాళ్ల చెవి లేనిదే ఆఫీసు లేదు.

మేనేజ్‌మెంట్ డిగ్రీతో నేరుగా ఈ సీటుకు రావచ్చని అనుకోవద్దు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కొన్నేళ్లు కూర్చున్నవాళ్లకే, కింద పనిచేసేవాళ్లు ఎక్కడ తడబడతారో అర్థమవుతుంది. ఉదాహరణకు, గరగర శబ్దంలో ఒక మంత్రి ప్రసంగం వస్తోంది. మధ్యలో రెండు మాటలు సరిగా వినిపించలేదు. సందర్భాన్ని బట్టి 'దాడి చేస్తాం' అని ఉండొచ్చని మీకు గట్టిగా అనిపిస్తుంది. మంచి మానిటరు అది రాయడు. 'కొన్ని మాటలు స్పష్టంగా లేవు' అని బ్రాకెట్లో పెట్టి ముందుకు పోతాడు. ఎఫ్‌బీఐఎస్ నివేదికల నిండా ఇలాంటి బ్రాకెట్లు కనిపిస్తాయి. ఆ నివేదికలను దేశాలు నమ్మాయంటే ఈ నిజాయితీ వల్లే.

అలాగని ఊహకు చోటు లేదని కాదు. కళా చరిత్రకారుడు ఎర్నెస్ట్ గోంబ్రిచ్ యుద్ధకాలమంతా బీబీసీలో మానిటరుగా పనిచేశాడు. 1945 మే 1న జర్మన్ రేడియో ముఖ్యమైన ప్రకటన ఉందని చెప్పి, బ్రూక్నర్ ఏడో సింఫనీలోని విషాద భాగాన్ని వాయించింది. అది స్వరకర్త వాగ్నర్ మరణంతో ముడిపడిన సంగీతమని ఆయనకు తెలుసు. చెప్పబోయేది హిట్లర్ చావు కబురేనని ఊహించి సిద్ధంగా కూర్చున్నాడు. ఊహతో సిద్ధమయ్యాడు గానీ, కబురు పంపింది ప్రకటన విన్నాకే. భాషతో పాటు ఆ దేశపు పాటలు, సామెతలు, పండగలు, పాత గొడవలు తెలియాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మనవాళ్లకు దారి

హైదరాబాద్‌లోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో అరబిక్, రష్యన్, చైనీస్ లాంటి భాషలున్నాయి. అదే ఊళ్లో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీలో పర్షియన్, అరబిక్ చదవచ్చు. ఉర్దూ ఇంట్లోనో వీధిలోనో వచ్చేసిన తెలంగాణ పిల్లలు దాన్ని రెజ్యూమెలో చివరి లైన్లో రాసి వదిలేస్తారు. దాన్ని ముందుకు తీసుకురండి. అయితే దక్కనీ వచ్చినంత మాత్రాన పాకిస్థాన్ వార్తల ఉర్దూ నోటికి రాదు, రోజూ ఆ పత్రికలు చదవాలి. నాలుగు భాషల్లో సర్టిఫికెట్ల కంటే, ఒక భాషలో అరుపులూ యాసలూ కూడా అర్థమయ్యేంత పట్టు ఇక్కడ విలువైనది. ఇంగ్లిష్‌లో వేగంగా, శుభ్రంగా రాయడం దానికి జోడు కావాలి.

అవకాశాల సంగతి దాచకుండా చెబుతాను. ఇవి వందల్లో వచ్చే ఉద్యోగాలు కావు. బీబీసీ మానిటరింగ్‌కు ఢిల్లీలో బ్యూరో ఉంది. ఆకాశవాణికి విదేశీ ప్రసారాలు వినే సెంట్రల్ మానిటరింగ్ సర్వీస్ ఉంది. వార్తా సంస్థల విదేశీ డెస్కులు, రాయబార కార్యాలయాల ప్రెస్ విభాగాలు, ప్రైవేటు మీడియా మానిటరింగ్ కంపెనీలు కూడా ఇదే నైపుణ్యం అడుగుతాయి. అమెరికాలోని ప్రభుత్వ కొలువులకు సాధారణంగా ఆ దేశ పౌరసత్వం కావాలి కనుక, అవి అక్కడి పౌరులైన మనవాళ్లకే పనికొస్తాయి.

సాధన ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె యూనివర్సిటీ రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా తిప్పుకోవచ్చు, షార్ట్‌వేవ్ మొత్తం అందులో వినిపిస్తుంది. మీ భాషలో వచ్చే బులెటిన్ పది నిమిషాలు రికార్డు చేయండి. స్టేషన్, ఫ్రీక్వెన్సీ, తేదీ, గ్రీనిచ్ సమయం పైన రాయండి. ఆగకుండా ఒకసారి విని ముఖ్యాంశాలు రాసుకోండి, రెండోసారి మాటమాటా అనువదించండి. వినబడనిచోట బ్రాకెట్ పెట్టండి. మర్నాడు ఆ స్టేషన్ వెబ్‌సైట్లో అదే వార్త ఉంటే పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. అంకెలు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు తప్పినచోట ఎర్ర పెన్నుతో గీయండి. అలా కొన్ని నెలల కాగితాలు ఫైలు చేసి, ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.