‘అర్థమైందా?’ అని అడగడం మానేద్దాం

మన కాలేజీల్లో పాఠం చివర వినబడే ప్రశ్న ఒకటే: ‘అర్థమైందా?’ దానికి వచ్చే జవాబూ ఒకటే: ‘అర్థమైంది సార్.’ అడిగినాయన నిజంగా తెలుసుకుందామని అడగడు. చెప్పినవాళ్ళు నిజం చెబుదామని చెప్పరు. గంట కొట్టేలోపు ఇద్దరికీ మర్యాదగా బయటపడే దారి అది. కొత్తగా లెక్చరర్ ఉద్యోగంలో చేరినవాళ్ళు మొదటి వారంలోనే ఈ ప్రశ్నను వదిలేయగలిగితే, సగం బోధనా పద్ధతులు వాటంతట అవే దారిలో పడతాయని నా నమ్మకం.

చిత్తూరు జిల్లా కార్వేటినగరం డైట్ లాంటి చోట పనిచేసేవాళ్ళకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత ప్రాథమిక బడులకు టీచర్లను తయారుచేయడానికి జిల్లాల్లో పెట్టిన శిక్షణ సంస్థల్లో అదొకటి. ఇంటర్ పూర్తిచేసి, డీసెట్ ప్రవేశ పరీక్ష రాసి, రెండేళ్ళ డిప్లొమాకు వచ్చిన పిల్లలు అక్కడ బెంచీల మీద ఉంటారు. రేపు వాళ్ళే ఏదో పల్లె బడిలో చాక్‌పీసు పట్టుకుంటారు. ‘శిశుకేంద్రిత బోధన’ అనే పాఠాన్ని మనం గంటసేపు నోట్సు చెప్పి రాయిస్తే వాళ్ళకు అబ్బేది నోట్సు చెప్పడమే. శిశుకేంద్రితం పరీక్ష పేపరులో మిగిలిపోతుంది.

‘అర్థమైందా?’ బదులు ఏం అడగాలి? అర్థం కానివాడు తలూపి తప్పించుకోలేని ప్రశ్న అడగాలి. పిల్లల ఆలోచన ఎదుగుదలకు పియాజే చెప్పిన దశలు మీరు పాఠంగా చెప్పారనుకుందాం. ‘దశలు ఎన్ని?’ అంటే ముందు బెంచీ అమ్మాయి ‘నాలుగు’ అంటుంది, పాఠం అయిపోయినట్టే. అలా కాక, ‘ఒకే కొలత నీళ్ళు సన్నటి గ్లాసులో ఒకసారి, వెడల్పు గిన్నెలో ఒకసారి పోసి చూపిస్తే ఐదేళ్ళ పాప ఎందులో ఎక్కువున్నాయంటుంది? ఎందుకంటుంది?’ అని అడిగి, రెండు వాక్యాలు రాయమనండి. గణిత బోధనలో అయితే ఇంకా సులువు. నాలుగో తరగతి పిల్లవాడు 1/3 కన్నా 1/4 పెద్దదని రాశాడు. వాడి మనసులో ఏముండి అలా రాశాడు? ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబుండదు. పక్కవాడి నోట్సులోనూ ఉండదు.

అడిగాక ఆగాలి. చెప్పడానికి తేలికే గానీ మన వృత్తిలో ఇంతకన్నా కష్టమైన పని లేదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతులను టేపు మీద రికార్డు చేసి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగుతున్నది ఇంచుమించు ఒక్క సెకను. ఆ తర్వాత మళ్ళీ ప్రశ్న, లేదా వాళ్ళే జవాబు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న తరగతుల్లో జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’లు తగ్గాయి, అంతకుముందు వెనకబడ్డవాళ్ళుగా లెక్కేసినవాళ్ళు నోరు విప్పారు. మూడు సెకన్ల నిశ్శబ్దం లెక్చరర్‌కు మూడు నిమిషాల్లా అనిపిస్తుంది. కిటికీలోంచి బయటికి చూస్తారో, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటారో మీ ఇష్టం.

కార్వేటినగరం తరగతిలో ఆ నిశ్శబ్దానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. అది భాష. 1960లో పక్కనున్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళినప్పుడు గీత కాగితం మీద పడింది గానీ ఇళ్ళలోని మాట మీద పడలేదు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళుంటారు. ఉర్దూ ఇళ్ళనుంచి వచ్చేవాళ్ళుంటారు. తెలుగు ఇళ్ళవాళ్ళది కూడా పుస్తకాల తెలుగు కాదు, చిత్తూరు తెలుగు. డిగ్రీ కాలేజీల్లో పనిచేసేవాళ్ళకు మరో చిక్కుంది. 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియమేనని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాక, పదో తరగతి దాకా తెలుగులో చదివిన అమ్మాయి కామర్సునో కెమిస్ట్రీనో ఇంగ్లీషులో ఎదుర్కొంటోంది.

ఇక్కడ లెక్చరర్లు రెండు రకాలుగా తప్పుతుంటారు. కొందరు పూర్తిగా ఇంగ్లీషులో చెప్పి, పిల్లలకు రాకపోతే అది వాళ్ళ కర్మ అంటారు. కొందరు అంతా తెలుగులో చెప్పి, పరీక్ష ముందు ఇంగ్లీషు జవాబులు బట్టీ పట్టిస్తారు. రెండో రకం మంచివాళ్ళలా కనిపిస్తారు గానీ అక్కడా పిల్లకు మిగిలేది బట్టీయే. ఆలోచన ఏ భాషలోనైనా సాగనివ్వండి, రాత మాత్రం పరీక్ష భాషలో కొద్దికొద్దిగా, రోజూ జరగాలి. పక్కవాళ్ళతో మూడు నిమిషాలు తమిళంలోనో తెలుగులోనో మాట్లాడుకున్నాక, ఆ మాటనే ఇంగ్లీషులో ఒక్క వాక్యంగా రాయమనండి. బోర్డుకు కుడివైపు ఒక నిలువు గీత గీసి ఆ పూట పాఠంలో తప్పనిసరైన ఏడెనిమిది మాటలు రాసి, గంట కొట్టేదాకా చెరపకండి. ఎవరైనా యాసలో జవాబు చెబితే జవాబునే పట్టించుకోండి, యాసను సరిదిద్దకండి. వేణుగోపాల స్వామి మీద పదకర్త సారంగపాణి వాడుక మాటల్లో పదాలు కట్టిన కార్వేటినగరంలో ఇంటి మాటను చిన్నచూపు చూడటం అసలే బాగుండదు.

ఈ విషయంలో మనకు పెద్ద దిక్కు గిడుగు రామమూర్తి గారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే మాస్టారు, తనది కాని సవర భాషను పనిగట్టుకుని నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే వాచకాలు తయారుచేశారు. అంత పని మనల్ని ఎవరూ అడగడం లేదు. తరగతిలో తమిళం వచ్చినవాళ్ళున్నారో లేదో తెలుసుకుని, ముఖ్యమైన మాటకు తమిళంలో ఏమంటారో వాళ్ళచేతే చెప్పిస్తే చాలు. డైట్ విద్యార్థికైతే అది వృత్తికి కూడా పనికొస్తుంది. రేపు సరిహద్దు పల్లె బడిలో వాడి ముందు కూర్చునేది తమిళం మాట్లాడే ఇళ్ళ పిల్లలే.

జవాబు ఎవరు చెబుతున్నారన్నది ఇంకో సంగతి. ‘ఎవరైనా చెప్పండి’ అంటే ఎప్పుడూ ఆ నలుగురే చెబుతారు. వాళ్ళను ఆపనక్కర్లేదు, వరస మార్చితే చాలు. ముందు ఎవరికి వాళ్ళు ఒక నిమిషం రాసుకోవాలి, తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే అందరి ముందు చెప్పాలి. రోల్ నంబర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి తీసే పద్ధతి మంచిదే గానీ, మాట్లాడటానికే భయపడే పిల్ల మీద మొదటి వారంలో అది ప్రయోగిస్తే ఆమె కాలేజీకి రావడమే మానుకోవచ్చు. అలాంటివాళ్ళకు ‘పది నిమిషాల తర్వాత ఈ ప్రశ్న నిన్ను అడుగుతానమ్మా’ అని మెల్లగా ముందే చెప్పి ఉంచండి. గ్రూపులు చేస్తే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టించి కలపండి. వాళ్ళంతట వాళ్ళు చేసుకుంటే ఊరూ కులమూ హాస్టలూ చూసుకునే చేసుకుంటారు. గ్రూపులో అమ్మాయిలు చార్టు రాయడం, అబ్బాయిలు లేచి మాట్లాడటం అనే ఏర్పాటు ఎవరూ పెట్టకుండానే వచ్చేస్తుంది. ప్రతిసారీ పనులు మార్చకపోతే రెండేళ్ళూ అదే నడుస్తుంది.

కులం మాట వచ్చింది కాబట్టి సూటిగా చెప్పుకుందాం. స్కాలర్‌షిప్ ఫారాల మీద సంతకాలు కావాలని ‘ఎస్సీ, ఎస్టీ వాళ్ళు లేచి రండి’ అని తరగతిలో పిలిచే అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. రోల్ నంబర్లతో నోటీసు పెట్టి ఆఫీసులో పని ముగించడానికి అడ్డేముంది? ఇంటిపేరు విని ఊరడగటం, ఊరు విని ఏ వీధి అని అడగటం పలకరింపు కాదు. అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. ఒకసారి అలా అడిగిన లెక్చరర్ దగ్గరికి ఆ పిల్లవాడు సందేహం పట్టుకుని మళ్ళీ రాడు.

ఇంట్లో తొలిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళకు పాఠం కన్నా కాలేజీ నడిచే తీరే పెద్ద చిక్కు. ఇంటర్నల్ మార్కులంటే ఏమిటి, రికార్డు ఎలా ఉండాలి, హాజరు తగ్గితే ఎవరిని కలవాలి, అసైన్‌మెంటులో ఎంతవరకు పుస్తకం నుంచి తీసుకోవచ్చు లాంటివి అన్నయ్యో అక్కో చదివిన ఇళ్ళలో భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. యానాది కాలనీ నుంచి వచ్చిన అబ్బాయికి, నగరిలో మరమగ్గం నడిపేవాళ్ళ అమ్మాయికి చెప్పేవాళ్ళెవరు? మొదటి వారంలో ఒక పేజీ రాసి జిరాక్సు తీసి అందరికీ ఇవ్వండి. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి చేతులు దులుపుకోకండి. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది పగలంతా నాన్న జేబులో ఉంటుంది.

మార్కుల దగ్గర నేను గట్టిగా చెప్పే చిట్కా ఒకటుంది. పాత సంవత్సరాల జవాబు పత్రాల్లోంచి పేర్లు తీసేసి రెండు జవాబులు ఎంచుకోండి: పదికి ఐదు వచ్చింది ఒకటి, తొమ్మిది వచ్చింది ఒకటి. మార్కులు చూపించకుండా తరగతికిచ్చి వాళ్ళనే దిద్దమనండి. తర్వాత మీరు వేసిన మార్కులు చెప్పి, తేడా ఎక్కడొచ్చిందో వాదించుకోనివ్వండి. మంచి జవాబంటే ఎన్ని పేజీలని కాదు, ఏముండాలో అప్పుడు తెలుస్తుంది. రేపు దిద్దే ఉద్యోగంలోకే వెళ్ళే డైట్ పిల్లలకు ఇది సగం శిక్షణ.

పుత్తూరు బస్సో చిత్తూరు బస్సో ఆలస్యమైతే మొదటి పీరియడ్‌కు కొందరు పది నిమిషాలు వెనగ్గా వస్తారు. తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళే జూన్, జూలైల్లో తోట పనికి ఆగిపోయేవాళ్ళూ ఉంటారు. గుమ్మం దగ్గర నిలబెట్టి మందలించడం వల్ల బస్సు ముందుకు రాదు. ఆ పది నిమిషాల్లో కొత్త పాఠం మొదలుపెట్టకండి. నిన్నటి పాఠం మీద మూడు ప్రశ్నలు బోర్డు మీద రాసి, పుస్తకం చూడకుండా జవాబులు రాయమనండి. మళ్ళీ మళ్ళీ చదవడం కన్నా గుర్తుచేసుకుని రాయడం వల్లే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో ప్రయోగం చేసి చూపించారు. టైముకు వచ్చినవాళ్ళకు లాభం, ఆలస్యమైనవాళ్ళకు కొత్త పాఠం తప్పిపోదు.

వికలాంగ విద్యార్థుల విషయంలో జాలి అక్కర్లేదు, చట్టం తెలిస్తే చాలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంది. పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే సమస్య ఉన్న వికాస్ కుమార్ అనే అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు 2021లో ఆ 40 శాతం గీత లేకపోయినా స్క్రైబ్‌ను (బదులు రాసే సహాయకుణ్ణి) ఇవ్వాల్సిందేనంది. పరీక్షల సెక్షన్‌లో ఎవరైనా ‘రూల్ లేదు’ అంటే మీ చేతిలో ఉండాల్సిన వివరాలివి. తరగతి గదిలోనైతే పని చిన్నదే. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయండి, బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, ఏం కావాలో ఆ విద్యార్థినే విడిగా అడగండి. పైకి చదివితే చూపు తక్కువున్నవాడికే కాదు, చివరి బెంచీ మొత్తానికీ మేలు.

‘ఇవన్నీ చేస్తే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?’ స్టాఫ్‌రూంలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది, న్యాయమైనదే. 2014లో ఫ్రీమన్ అనే పరిశోధకుడి బృందం సైన్సు, గణితం, ఇంజనీరింగు కాలేజీ తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూసింది. వట్టి ఉపన్యాసం విన్న తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పారు. విద్యార్థులచేత పని చేయించిన తరగతుల్లో 21.8 శాతమే. 2020లో థియోబాల్డ్ బృందం చేసిన మరో లెక్కలో, అణగారిన వర్గాల విద్యార్థులకూ మిగతావాళ్ళకూ మధ్య అంతరం కూడా ఇలాంటి తరగతుల్లో తగ్గినట్టు తేలింది. అవి అమెరికా లాంటి చోట్ల లెక్కలు, మన తరగతికి అంకెకు అంకె సరిపోవు. అయినా మనం సిలబస్ పూర్తిచేశామంటున్నది ఎవరి నోట్సులో అన్నది ఆలోచించాల్సిందే. నన్నడిగితే, నోట్సు చెప్పి రాయించే సమయంలో సగం కోసేస్తే పైన చెప్పినవన్నీ పడతాయి.

మొదట్లో పిల్లలే గొణుగుతారు, దానికీ సిద్ధపడండి. ‘సార్ పాఠం చెప్పడం లేదు, మాతోనే చేయిస్తున్నారు’ అని ప్రిన్సిపాల్ దాకా వెళ్ళొచ్చు. 2019లో హార్వర్డ్ ఫిజిక్సు తరగతుల్లో చూసినప్పుడు, తామే పనిచేసిన విద్యార్థులు నిజానికి ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని చెప్పారు. చక్కగా సాగిన ఉపన్యాసం వింటే అంతా తెలిసిపోయినట్టే ఉంటుంది. ఈ సంగతి మొదటి రోజే తరగతికి విప్పి చెబితే సగం గొణుగుడు తగ్గుతుంది.

ఇక మీరు నిజంగా అందరికీ చెబుతున్నారో లేదో తెలియాలంటే, నెలకోసారి తోటి లెక్చరర్‌ను వెనక బెంచీలో కూర్చోమనండి. డైట్‌లో అయితే పిల్లల పాఠాలను పరిశీలించడం మీకు రోజువారీ పనే. ఒక్క గంట ఆ పని మీ మీద జరగనివ్వండి. ఆయన మీ పాఠం గురించి ఏమీ రాయనక్కర్లేదు. ఒక కాగితం మీద బెంచీలు గీసుకుని, ఎవరు నోరు విప్పితే అక్కడ ఒక గీత పెడితే చాలు. పీరియడ్ అయ్యాక గీత పడని చోట్లు ఏవో చూసుకోండి. ఆ సాయంత్రమే అక్కడ కూర్చునే ఇద్దరికో ముగ్గురికో మర్నాటి మొదటి ప్రశ్న ముందుగా ఇచ్చి పంపండి.