ముక్కు దూలం ఆపరేషన్ గురించి

చిరంజీవి కార్తీక్‌కు,

ముక్కు దూలం వంకరగా ఉందని, ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని అడిగావు. స్కానింగ్ రిపోర్టు ముందు పక్కన పెట్టు. దూలం గీత గీసినట్టు నిటారుగా ఉండేవాళ్ళు తక్కువ. వంకర ఉన్నా ఏ ఇబ్బందీ లేనివాళ్ళు బోలెడుమంది. నీ పగలూ రాత్రీ ఎలా గడుస్తున్నాయన్నదే అసలు లెక్క. నోరు తెరుచుకుని పడుకుని, తెల్లారేసరికి గొంతు పిడచగట్టి లేస్తున్నావా? నాలుగు మెట్లెక్కితే ముక్కుతో గాలి చాలడం లేదా? డాక్టర్లు వాడే నోస్ స్కేలు అడిగేదీ ఇలాంటివే. దిబ్బడ, మూసుకుపోవడం, గాలి పీల్చలేకపోవడం, నిద్ర, శ్రమ: ఐదు ప్రశ్నలు, నూటికి మార్కులు. ఎక్కువ వచ్చిందంటే బాధ ఎక్కువని.

బాధ నిజంగా ఉంటే మాత్రం నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను. ఎన్నో దశాబ్దాలుగా చేస్తున్నా దీనికి గట్టి పరీక్ష జరిగింది ఈమధ్యనే. నెదర్లాండ్స్‌లో 203 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆపరేషన్, రెండో జట్టుకు మందులు, పరిశీలన. ఏడాది తర్వాత జీవన నాణ్యత మార్కులు నూటికి ఆపరేషన్ జట్టులో 72, రెండో జట్టులో 64. 2019లో లాన్సెట్‌లో వచ్చిందిది. రెండేళ్ళ వరకూ ఆ తేడా నిలిచింది. 2023లో బీఎంజేలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో 378 మంది. అక్కడ ముక్కు బాధల స్కోరు 110కి లెక్క, తగ్గితే మంచిది. ఆరు నెలలకు ఆపరేషన్ జట్టుది దాదాపు 20, ముక్కు స్ప్రేలు వాడినవాళ్ళది దాదాపు 40.

కత్తి పడ్డ మనిషికి మనసే బాగుందనిపిస్తుంది కదా అంటావేమో. న్యాయమైన అనుమానమే, ఏ జట్టులో ఉన్నదీ వాళ్ళకు తెలుసు. కానీ పరికరంతో కొలిచిన గాలి ప్రవాహం కూడా ఆపరేషన్ జట్టులోనే మెరుగైంది. ఇక ‘ముక్కులో కండ మళ్ళీ పెరుగుతుంది’ అనే మాట ఎక్కువగా పాలిప్స్‌కి సంబంధించింది. దూలం మృదులాస్థి, ఎముక. కొద్దిగా మళ్ళీ ఒరగవచ్చు, అది వేరు సంగతి. రక్తం కారడం, ఇన్ఫెక్షన్, అరుదుగా దూలానికి చిల్లు పడటం, పైపళ్ళు కొన్నాళ్ళు మొద్దుబారడం, ఇవి ఉన్నాయి. డాక్టరును దాపరికం లేకుండా అడుగు.

ఆపరేషన్ చేయలేని పనులూ ఉన్నాయి. దుమ్ముకు తుమ్ములొచ్చే అలర్జీ దూలం సరిచేసినా పోదు, స్ప్రే తర్వాత కూడా వాడాల్సిందే. నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఒక్క దీనితో నయం కాదు. దానికి రాత్రిపూట వాడే సీప్యాప్ మాస్కు పెట్టుకోవడం కాస్త తేలికవుతుందేమో. గురక పోతుందని ఆశపడి టేబుల్ ఎక్కినవాళ్ళే తర్వాత నిరాశపడేది.

అందుకే ముందు స్ప్రే సక్రమంగా వాడి చూడు. చాలామంది గొట్టాన్ని సరాసరి దూలం మీదికి కొట్టి ముక్కు నుంచి రక్తం తెచ్చుకుంటారు. బయటివైపుకు, అదే పక్క కంటి కొసకు గురిపెట్టాలి. మొదలుపెట్టిన రోజే ఆ ఐదు ప్రశ్నలకూ జవాబులు తేదీ వేసి రాసుకో. డాక్టరు చెప్పిన గడువు అయ్యాక మళ్ళీ రాయి. మార్కులు కదలకపోతే ఆ రెండు కాగితాలూ తీసుకెళ్ళి ఆపరేషన్‌కు తేదీ అడుగు. ఆఫీసులో వారం, పది రోజుల సెలవు ముందే చెప్పి ఉంచు.

మీ పెదనాన్న